పరికర్త పక్కన ఖాళీ

గోడ గడియారంలో పన్నెండు దాటి ఐదు నిమిషాలైంది. ఒంటిగంటకు ఆఖరి గంట కొడతారు. ఎనిమిదో ప్రశ్న కింద ఇంకా తెల్లకాగితమే ఉంది. మిగతావన్నీ రాసేశాడు ఆయన, వచ్చినవి వచ్చినట్టు, రానివి వచ్చినట్టు నటిస్తూ. మార్కులు వేళ్ల మీద రెండుసార్లు కూడుకుని చూసుకుంటే రెండుసార్లూ పాసు గీతకు ఇవతలే ఆగిపోయాయి. ఈ ఎనిమిదోది వస్తే గట్టెక్కుతాడు, రాకపోతే లేదు. ఈ పేపరు మూడుసార్లే రాయనిస్తారు, ఇది మూడోసారి. ఆ తర్వాత జాబితాలోంచి పేరు కొట్టేస్తారు, సాయంత్రం తరగతులుండవు, లైబ్రరీ కార్డుండదు, యాభై ఏడేళ్ల విద్యార్థి అనే వింత ఈ కాలేజీలో ఇక కనబడదు. బల్ల మాత్రం కదలడం లేదు, అదొక దయ. పొద్దున కూర్చోగానే కుంటిగుర్రంలా ఊగింది. ముందు బెంచీ అమ్మాయి వెనక్కి తిరిగి చూసి, తన పాత నోట్సు కాగితం నాలుగు మడతలు పెట్టి బల్ల కాలి కింద దూర్చి, "ఇప్పుడు ఊగదు అంకుల్" అని మళ్లీ తన పుస్తకంలో పడిపోయింది. ఆ నాలుగు మడతల్లో ఏ సిద్ధాంతం ఉందో ఏమో, రెండు గంటలుగా ఆయన చేతి బరువంతా మోస్తోంది.

ప్రశ్న చూస్తే చిన్నదే. డి అనేది అవకలనం చేసే పరికర్త, అంటే ఏ వంకర గీతనిచ్చినా దాని వాలు ఎంతో చెప్పే ఇంకో గీతను తిరిగి ఇచ్చేది. ఎం అనేది ఎక్స్‌తో గుణించే పరికర్త. డిఎం, ఎండి సమానమా? కాకపోతే డిఎం నుంచి ఎండిని తీసేయగా మిగిలే పరికర్త ఏది? అంతే, రెండు లైన్లు. చెయ్యి ఆయన్ని అడక్కుండానే రాసేసింది: డిఎం అంటే ఎక్స్‌ని అవకలనం చేయడమే, ఒకటి వస్తుంది. రాసేసి ఆగిపోయింది. ఎందుకంటే ఈ లైను ఆయనకు తెలుసు, ఎదురింటివాడి మొహం తెలిసినట్టు తెలుసు. నిరుడు ఇదే రాశాడు, అంతకుముందేడూ ఇదే, రెండుసార్లూ ఆ పక్కన సున్నా పడింది. తప్పని తెలుసు. ఎక్కడ తప్పో తెలియదు. కొట్టేశాడు. కొట్టేసిన గీత కింద నుంచి కూడా ఆ 'ఒకటి' ఆయనకేసి చూస్తూనే ఉంది, అంతకంటే వేరే ఏముందయ్యా అన్నట్టు.

ఫ్యాను గిర్రున తిరుగుతోంది గానీ గాలి పక్క వరసకే వెళ్తోంది. తలుపులోంచి ఎండ ఆయన కాగితం అంచు దాకా వచ్చింది, పలచని గులాబీ రంగులో పడింది, పరదా గుడ్డ రంగు కాబోలు. గులాబీ కాగితం. ముప్పై ఏళ్లుగా ఆయన చేతుల్లోంచి జారిపోయింది గులాబీ గళ్ల కాగితమే, మనుషుల గుండెలు గీసిన కాగితం. ఆస్పత్రిలో ఈసీజీ గది తలుపు మీద ఎప్పటిదో బోర్డు, 'ఆపరేటర్' అని, అందుకని ఊరందరికీ ఆయన ఆపరేటరు గారు. ఊపిరి మామూలుగా తీసుకోండి, మాట్లాడకండి, చేతులు వదులుగా పెట్టండి, అయిపోయింది లేవండి. కొత్త యంత్రం వచ్చిన రోజున ముందుగా ఎవరి మీద చూడాలా అనుకుంటే, మధ్యాహ్నం క్యారియరు ఇచ్చి వెళ్దామని వచ్చిన భార్య దొరికింది. పడుకోమంటే పడుకుంది. ఛాతీ మీద రబ్బరు బుడ్డీలు అంటించేసరికి నవ్వు మొదలెట్టింది. 

"ఏంటండీ ఇవి, చల్లటి కప్పలు ఎక్కినట్టుంది."

"కదలకు. గీత వణికిపోతోంది."

"వణికేది గీత కాదు, నేను." 

కాగితం మీద పర్వతాల మధ్య సన్నటి నూగు, గడ్డి మొలిచినట్టు. కొత్త యంత్రానికి కొత్త బటను ఉంది, వడపోత బటను, నొక్కాడు. నూగంతా పోయి గీత నున్నగా, దువ్విన జుట్టులా వచ్చింది. ఆవిడ లేచి కూర్చుని రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూసింది. కుట్టుపని చేసే మనిషి, రెండు గుడ్డల తేడా వేలితో తడిమి చెప్పే మనిషి. "ఇందులో నేను నవ్వుతున్నాను. ఇందులో నవ్వట్లేదు. గుండె చూస్తే ఒకటే. మరి నా నవ్వెక్కడికి పోయిందండీ? ఈ బటను తినేసిందా?" వడపోసింది అన్నాడు. "వడపోస్తే వడగట్టిన గుడ్డలో ఏదో ఒకటి మిగలాలిగా. ఏదీ, ఆ గుడ్డ చూపించండి." చూపించలేకపోయాడు. నవ్వేశాడు. అప్పుడు నవ్వేస్తే సరిపోయింది. ఆవిడ పోయిన రెండేళ్లకు, ఒక మామూలు మంగళవారం, ఎవరిదో వణికే గుండె మీద ఆ బటను నొక్కబోతూ వేలు అక్కడే ఆగిపోయింది. ఆ గుడ్డ ఎక్కడ? 

యంత్రం బాగుచేయడానికి వచ్చిన ఇంజనీరునడిగాడు. అతను స్క్రూ నోట్లో పెట్టుకునే చెప్పాడు, "అదొక ఆపరేటరండీ." "ఆపరేటరు నేను కదా?" "మీరు కాదు, బటను. ఒక గీతనిస్తే ఇంకో గీతనిస్తుంది. లెక్కల్లో ఆ గీతల్ని ప్రమేయాలంటారు, ప్రమేయాల మీద పనిచేసే ఆపరేటర్లను పరికర్తలంటారు. ఏ కోర్సులో చెప్పారో నాకిప్పుడు గుర్తులేదు గానీ, ఆ కోర్సులో నేను మాత్రం నిద్రపోయాను." డిగ్రీ దాకా లెక్కలు చదివినవాడే మన ఆపరేటరు గారు, చదివి ముప్పై ఏళ్లు అటకెక్కించినవాడు. మర్నాడే కాలేజీ కిటికీ దగ్గర నిలబడి అడిగాడు, ఆపరేటర్ల గురించి చెప్పే కోర్సేదండీ అని. లోపలి గుమాస్తా తల ఎత్తకుండానే, "లిఫ్టా, క్రేనా?" అన్నాడు. "ప్రమేయాల మీద పనిచేసేవండీ." "ప్రమాదాల మీదా? అయితే క్రేనే" అని చీటీ మీద చిరునామా రాసిచ్చాడు. ఇక్కడే ఆయన గొప్పతనం చూడాలి: ఆ చీటీ పట్టుకుని వెళ్లాడు! రెండు బస్సులు మారి క్రేను శిక్షణ కేంద్రానికి వెళ్లి, తల మీద పసుపు టోపీ పెట్టుకున్న శిక్షకుడికి తన సందేహమంతా విప్పి చెప్పాడు. శిక్షకుడు పాపం ఓపిగ్గా విని, టోపీ తీసి తల గోక్కుని, "ఇక్కడ బరువెత్తేవాళ్లే ఉన్నారు సార్. మీరు చెప్పేది గాల్లో ఉన్నదాన్ని ఎత్తేవాళ్లలా ఉంది" అన్నాడు. అని ఊరుకోలేదు, టీ ఇప్పించాడు, తన మేనకోడలు లెక్కల మేడమని చెప్పి ఆవిడ పేరు, గది నంబరు రాసిచ్చాడు. ఒక తప్పు చీటీ ఒక సరైన చీటీకి దారి చూపిస్తుంది ఒక్కోసారి. ఆ రోజు తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు కూడా దొరికింది.

మేడమ్ నవ్వలేదు. "ఏ కోర్సులో అంటే ఏం చెప్పనండీ. ఏనుగుని ఒక్క గదిలో కట్టేయలేం. ఏకఘాత బీజగణితంలో కాలు చూపిస్తాం, అవకలన సమీకరణాల్లో తొండం చూపిస్తాం. ప్రమేయ విశ్లేషణలో మొత్తం ఏనుగు మీదికొస్తుంది."

"మీద పడుతుందాండీ?"

"చాలామంది మీద పడింది. మీరు ఎక్కి కూర్చోవచ్చుగా?" 

ఎక్కడానికే చేరాడు. డ్యూటీ దిగి సాయంత్రం తరగతికి, తన కూతురికంటే చిన్న పిల్లల పక్కన. కాలు దొరికింది, మంచి మార్కులతోనే దొరికింది. తొండమూ దొరికింది. మొత్తం ఏనుగు పేపరే రెండుసార్లు కింద పడేసింది. ఆ తొండం దొరికిన రోజుల్లోనే, సాయంత్రం బోర్డు మీద మేడమ్ రెండు పరికర్తలను ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి, మిగిలింది కూడా పరికర్తేనండీ అనగానే, ఆయన పెన్ను కింద పడిపోయింది. ఉన్న గీతను ఉన్నట్టే తిరిగి ఇచ్చేది ఒక పరికర్త. వడపోసేది ఒక పరికర్త. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే మిగిలేది, అదే, అదే గుడ్డ! నవ్వులు మాత్రమే పట్టే గుడ్డ. బటను తినేయలేదు, పక్కన పెట్టింది, అంతే. ఇంటికెళ్లేదాకా ఆగలేక వరండాలోంచే కూతురికి ఫోను చేశాడు. పొరుగూళ్లో మందుల కొట్టు నడుపుతుంది, ఆ వేళకి కొట్టు నిండా జనం. "అమ్మ అడిగిన గుడ్డ దొరికిందే" అన్నాడు. అటునుంచి చీటీల చప్పుడు వచ్చింది. తర్వాత, "నాన్నా, అన్నం తిన్నావా?" అంది. ఆ ప్రశ్నకు ఎన్ని అర్థాలో అన్నీ ఆయనకు తెలుసు. నిన్న మాత్రం అలా అడగలేదు. "నీకు కావాల్సింది దొరికిందిగా, ఇంకా ఈ పరీక్ష దేనికి నాన్నా? మళ్లీ పోతే నిన్ను నేను చూడలేను" అంది. కాలు చూసి తొండం చూసి ఏనుగుని చూడకుండా ఇంటికెలా వస్తారే, అనుకున్నాడు గానీ, "పోనివ్వను లే" అన్నాడు. పోనివ్వను. పన్నెండూ ఇరవై ఎనిమిది.

సమానం కాదు, అది మాత్రం ఖాయం. ఏది ముందు, ఏది వెనక అన్నదాంట్లోనే ఉంది కథంతా. ఆ సంగతి ఏ కోర్సూ చెప్పక్కర్లేదు, ఇంట్లోనే నేర్చుకున్నాడు. ఒకసారి ఆవిడ ఊళ్లో లేనప్పుడు సాయం చేద్దామని తన చొక్కా గుడ్డ తనే గీసి కత్తిరించాడు, కొలతలు అచ్చుగుద్దినట్టు తీశాడు కూడా. ఆవిడ వచ్చి గుడ్డ ముక్కలు చూసి, "తడిపారా?" అంది. "కత్తిరించాక తడుపుదామని." ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుంది. "తడిపి కత్తిరిస్తే చొక్కా. కత్తిరించి తడిపితే దిండు గలీబు. ఈసారి దిండుకి తొడుగుదాం, అది కాదనదు." తడిపి, నిజంగానే తొడిగింది. చొక్కాకీ గలీబుకీ మధ్య ఎంత తేడా ఉందో అంతే కుంచించుకుపోయిందన్నమాట ఆ గుడ్డ. ఆ తేడాయే ప్రశ్న. తడపడం ముందా, కత్తిరించడం ముందా, గుణించడం ముందా, అవకలనం ముందా. కుడి పక్కనున్నది ముందు పనిచేస్తుంది. డిఎం అంటే ముందు గుణించి, తర్వాత వాలు చూడాలి. గుణించి. దేన్ని గుణించి?

దేన్ని?

పెన్ను కాగితం మీద నుంచి పైకి లేచింది. పిల్లలు లెక్కల మేడమ్‌ని ఖాళీ మేడమ్ అంటారు, చాటుగా. బోర్డు మీద పరికర్త రాసినప్పుడల్లా దాని కుడి పక్కన అరచెయ్యంత ఖాళీ వదులుతుంది, ఎంత ఇరుకైనా సరే. బోర్డు అంచుకి వచ్చేస్తే కింద లైనుకి దిగుతుంది గానీ ఆ ఖాళీని మాత్రం చంపదు. "ఇక్కడ ఒకరున్నారండీ, కనబడరు. మర్యాదగా చోటు వదలండి" అంటుంది. వెనక బెంచీలోంచి ఎవడో, "దెయ్యమా మేడమ్?" అన్నాడోసారి. అందరితో పాటు ఆయనా నవ్వాడు. నవ్వి, నోట్సులో మాత్రం కాగితం వృథా ఎందుకని దగ్గర దగ్గరగా ఇరికించి రాసుకున్నాడు, డిఎం, వెంటనే సమానం గుర్తు, మూడేళ్లుగా. ఇప్పుడు తన కాగితం మీద కొట్టేసిన ఆ లైను చూశాడు. ఖాళీ లేదు. మంచం లేదు. మనిషి లేడు. పోయిన నెలే కదా, కొత్తగా చేరిన నర్సు రోగిని పడుకోబెట్టకుండానే యంత్రం నడిపి, ఏంటి సార్ ఏదో వస్తోంది అని కాగితం చూపిస్తే, తనే, ఈ నోటితోనే, "మనిషి లేకుండా నడిపితే వచ్చేది గుండె కాదమ్మా, గోడలో కరెంటు" అని చెప్పాడు! ఎంత ఠీవిగా చెప్పాడు! ముప్పై ఏళ్ల ఆపరేటరు, పరీక్ష హాల్లోకి వచ్చి మూడేళ్లుగా ఖాళీ మంచం మీద యంత్రం నడుపుతున్నాడు. పోయినేడాది రాసిన 'ఒకటి' గోడలో కరెంటు. అంతకు ముందేడాది రాసిందీ గోడలో కరెంటే.

నవ్వొచ్చింది, గట్టిగానే వచ్చింది. ఇన్విజిలేటరు, పాతికేళ్లుంటాయేమో, బల్ల మీద నుంచి తలెత్తి చూసింది. నోరు మూసుకుని వంగాడు. ఎవరినైనా పడుకోబెట్టాలి ముందు. ఎవరిని? తేలికపాటి మనిషిని, భయపడని మనిషిని. ఎక్స్. రండి ఎక్స్ గారూ, పడుకోండి, ఊపిరి మామూలుగా తీసుకోండి. ముందు ఎక్స్‌తో గుణిస్తే ఎక్స్ వర్గం, దాని వాలు రెండు ఎక్స్. ఇప్పుడు తిరగేసి, ముందు వాలు తీస్తే ఒకటి, దాన్ని ఎక్స్‌తో గుణిస్తే ఎక్స్. రెండు ఎక్సుల్లోంచి ఒక ఎక్స్ పోతే, ఎక్స్. అయిపోయింది లేవండి. తర్వాత ఎవరు? ఎక్స్ వర్గం. గుణిస్తే ఘనం, వాలు మూడు వర్గాలు. ఇటునుంచి వస్తే రెండు వర్గాలు. మూడింట్లో రెండు పోతే ఒకటి, ఎక్స్ వర్గం. లేవండి. ఘనం గారూ మీరు రండి, నాలుగులో మూడు పోతే, మీరే. ఎవరు పడుకుంటే వాళ్లే లేచి వెళ్తున్నారు! గుణించినా, అవకలనం చేసినా, ముందు వెనకలు మార్చినా, ఒకదాంట్లోంచి ఒకటి లాగేసినా, అంత రాద్ధాంతం జరిగాక కూడా మంచం మీద మిగిలేది వచ్చిన మనిషే, గోరంత తగ్గకుండా, ఆవగింజంత పెరగకుండా.

పరుగెత్తింది చెయ్యి. ఏదైనా ఒక ప్రమేయం తీసుకుందాం, పేరు ఎఫ్. డిఎం రాసి, పక్కన ఖాళీ వదిలి, అరచెయ్యంత వదిలి, అందులో ఎఫ్‌ను కూర్చోబెట్టాడు. లబ్ధం వాలు: ఎఫ్, దానికి కలిపి ఎక్స్ సార్లు ఎఫ్ వాలు. ఎండి పక్కన మళ్లీ ఖాళీ, మళ్లీ ఎఫ్: ఎక్స్ సార్లు ఎఫ్ వాలు. తీసేస్తే రెండు వైపులా ఉన్నది రెండు వైపులా పోయి, ఎఫ్. కాబట్టి డిఎం, ఎండి సమానం కావు. వాటి తేడా, ఏ ప్రమేయాన్నిచ్చినా ఆ ప్రమేయాన్నే తిరిగి ఇచ్చే పరికర్త. కింద రెండు గీతలు గీశాడు, స్కేలు పెట్టి. ఒకసారి పైనుంచి కిందికి చదివాడు, ఒకసారి కిందినుంచి పైకి ఎక్కాడు. తప్పుకి దూరే సందు లేదు. పన్నెండూ నలభై ఒకటి. గట్టెక్కాడు. ఎవరి పుణ్యాన్నో కాదు, తన కాళ్ల మీద తను నడిచి ఏనుగెక్కాడు, ఎక్కి కూర్చుంటే ఎంత దూరం కనబడుతోందో! పాసైనవాళ్లు సాధారణంగా పెన్ను మూత పెట్టి, కుర్చీలో వెనక్కి వాలి, కిటికీలోంచి చూస్తారు. ఆయన కూడా మూత పెట్టాడు. వాలాడు. కిటికీలో ఎదురు మేడ మీద ఎవరో ఆరేసిన దుప్పట్లు గాలికి ఉబ్బి, వెనక్కి తగ్గి, మళ్లీ ఉబ్బుతున్నాయి. వాలు పెరిగి తగ్గి పెరిగి. వాలుకి వాలు. 

వాలుకి వాలు తీస్తే?

మూత ఊడింది. ముందు ఎక్స్‌తో గుణించి, రెండుసార్లు అవకలనం చేస్తే? ఇటునుంచి రెండుసార్లు అవకలనం చేసి గుణిస్తే? కాగితం అయిపోయింది, అడుగున అంగుళం కూడా లేదు. చెయ్యెత్తాడు. ఇన్విజిలేటరు దగ్గరకొచ్చింది, మెత్తటి చెప్పులు, చప్పుడు లేదు. 

"ఇంకో కాగితం కావాలమ్మా."

"పావుగంటే ఉందండీ. ఏదైనా ప్రశ్న వదిలేశారా?"

"లేదమ్మా, అన్నీ అయ్యాయి."

అన్నీ అయ్యాక కాగితమేంటన్నట్టు చూసింది గానీ ఇచ్చింది. పైన తన నంబరు వేసి, ఖాళీ వదిలి, ఎఫ్‌ను పడుకోబెట్టాడు. రెండుసార్లు. తీసేయగా మిగిలింది, రెండు డి. మూడుసార్లు. మిగిలింది, మూడు, డి వర్గం. రెండు, మూడు, ఇదెక్కడో చూసిన నడక. వర్గం వాలు రెండు ఎక్స్, ఘనం వాలు మూడు ఎక్స్ వర్గం, అదే నడక, అదే భుజాల ఊపు! అవకలనం చేసే డి మీదే ఎవరో అవకలనం చేస్తున్నారు. ఇంతసేపూ గీతల మీద పనిచేసిన పరికర్త, ఇప్పుడు తనే మంచం మీద పడుకుంది. నాలుగుసార్లు చేస్తే నాలుగు, డి ఘనం రావాలి, వస్తుంది, రాకపోతే చూద్దాం. పక్కన నీడ పడింది. ఇన్విజిలేటరు వెళ్లలేదు, నిలబడి చదువుతోంది, ఆవిడా లెక్కలావిడే అయుండాలి, పెదవులు కదులుతున్నాయి. 

"ఇది వాళ్లు అడగలేదు కదండీ" అంది, గొంతు బాగా తగ్గించి.

"అడగలేదమ్మా. దానంతటదే వచ్చింది." 

ఆఖరి గంట కొట్టారు. హాలంతా కుర్చీలు వెనక్కి జరిగాయి, ముందు బెంచీ అమ్మాయి లేచి ఒళ్లు విరుచుకుంది. ఆయన నాలుగోసారి అవకలనం సగంలో ఉన్నాడు. జవాబు పత్రాలు ఎప్పుడూ తలుపు దగ్గరి వరసలో వెనక బల్ల నుంచి తీసుకుంటారు, ఆ వెనక బల్ల ఆయనదే. ఇన్విజిలేటరు ఆయన బల్ల ముందు ఒక్క క్షణం ఆగి, ఆ కాగితం వైపు చూసి, హాలంతా దాటుకుని కిటికీ పక్క ఆఖరి వరసకు నడిచి వెళ్లి, అక్కడి నుంచి మొదలుపెట్టింది.